భద్రాచలం వరద ఫొటో.. సైజు మారిస్తే 43 కాస్తా 48లా కనిపిస్తుందా?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో అయితే ఏకంగా 71.3 అడుగులకు చేరింది. అందుకే వరద టైమ్‌లో నీటిమట్టం స్కేలు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతాయి.

క్రాప్ అంటే అంచులు కోసేయడం. రీసైజ్ అంటే ఏదీ కోయకుండా ఫొటో మొత్తాన్ని చిన్నది చేయడం. ఫోన్‌లో తీసిన 4000×3000 పిక్సెల్స్ ఫొటోను 16:9కి క్రాప్ చేస్తే 4000×2250 మిగులుతుంది. అంటే పావు వంతు ఔట్! ఆ పావులో స్కేలు పోకుండా చూసుకోవాలి. తర్వాత 1280×720కి తగ్గిస్తే ఫైల్ తేలికవుతుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు సిగ్నల్ వీక్‌గా ఉన్నా త్వరగా ఓపెన్ అవుతుంది.

రివర్స్‌లో చేస్తేనే చిక్కు. ముందే చిన్నది చేసి, అందులోంచి స్కేలు ముక్క కట్ చేసి పెద్దది చేస్తే పోయిన పిక్సెల్స్ తిరిగి రావు. అంకె అలుక్కుపోయి 3 ఏదో, 8 ఏదో తెలియదు. లోతట్టు కాలనీల వాళ్లకు అది ఏకంగా ఒక హెచ్చరిక తేడా.

సో.. ముందు క్రాప్, ఆ తర్వాతే రీసైజ్. ఒరిజినల్ డిలీట్ చేయొద్దు. అంకె మసగ్గా ఉన్న ఫొటో వస్తే, అధికారుల ప్రకటన చూశాకే ఫార్వర్డ్ చేయండి.