ఎడారి జాతరకు ఏ సైకిలు?

'నాన్నా, సైకిలు కొనాలి. ఏది కొంటే మంచిది?'

ఆగస్టు నెలలో కాలిఫోర్నియా నుంచి ఇలాంటి ఫోను మారేడ్‌పల్లిలోనో, తార్నాకలోనో, బోయిన్‌పల్లిలోనో ఏ ఇంటికైనా రావచ్చు. ఇంట్లో రెండు కార్లున్న కొడుక్కి సైకిలు ఎందుకో తండ్రికి అర్థం కాదు. 'వ్యాయామానికా?' అంటాడు. కాదు, జాతరకి. చెట్టూ చేమా లేని ఎడారిలో, కళ్లలో ముక్కులో దుమ్ము కొడుతుంటే వారం రోజులపాటు జరిగే జాతరకి!

ఆ తండ్రి గనక చిన్నప్పుడు సికింద్రాబాద్ గల్లీల్లో గంటకింతని అద్దె కట్టి, కైంచీ తొక్కుతూ మోకాళ్లు పగలగొట్టుకుని సైకిలు నేర్చుకున్నవాడైతే... కొడుకు అడగాల్సిన మనిషినే అడిగాడు. ఎందుకంటే ఆ ఎడారికి పనికొచ్చే సైకిలు గేర్లూ షాకబ్జార్బర్లూ ఉన్న ఖరీదైన బండి కాదు. చాలావరకు ఆయన తొక్కిన అద్దె సైకిలు లాంటిదే.

ఆ జాతర పేరు బర్నింగ్ మ్యాన్. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేకర్ బీచ్‌లో లారీ హార్వే, జెర్రీ జేమ్స్ అనే ఇద్దరు మిత్రులు ఓ చెక్కబొమ్మను తగలబెట్టడంతో మొదలైంది. 1990లో నెవాడా రాష్ట్రంలోని బ్లాక్ రాక్ ఎడారికి మారింది. ఏటా ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబరు మొదటి సోమవారంతో ముగుస్తుంది. దాదాపు డెబ్భై, ఎనభై వేలమంది వచ్చి అక్కడో తాత్కాలిక నగరం కట్టుకుంటారు. కొవిడ్ కారణంగా 2020, 2021లలో మాత్రం ఎడారిలో జరగలేదు. అక్కడ ఐస్‌లాంటి ఒకటీ అరా తప్ప ఏమీ అమ్మరు. తిండీ నీళ్లూ గుడారమూ అన్నీ ఎవరికి వారే మోసుకెళ్లాలి. పంచరు పడితే వీధి మూలన రబ్బరు ట్యూబులు వేలాడదీసిన కొట్టు ఉండదన్నమాట!

నగరమంతా గడియారం ఆకారం. నడిమధ్యన 'మ్యాన్' బొమ్మ, చుట్టూ రెండు గంటల వీధి నుంచి పది గంటల వీధి దాకా గుడారాలు. 'ఎక్కడున్నావ్?' అంటే 'ఏడున్నర దగ్గర' అని చెబుతారు. ఓ చివరి నుంచి ఇంకో చివరికి కిలోమీటర్ల దూరం. తెచ్చుకున్న కార్లు గుడారం దగ్గరే ఆపాలి. ముందే అనుమతి తీసుకున్న విచిత్ర వాహనాలు మాత్రం తిరుగుతాయి, అవీ మనిషి పరుగెత్తే వేగం కూడా మించకుండా. మిగిలినవాళ్లకు రెండే దారులు. కాళ్లు, లేదా సైకిలు.

సున్నంలాంటి దుమ్ము

దుమ్మంటే మనకు కొత్తా? వేసవిలో పరేడ్ గ్రౌండ్స్ మీంచి గాలి లేస్తే ఎలా ఉంటుందో సికింద్రాబాద్‌వాళ్లకు చెప్పాలా? మేడారం సంగతి సరేసరి. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల జాతరకెళ్లి, నెత్తిన బంగారం పెట్టుకుని గద్దెల దాకా నడిచి వచ్చినవాళ్ల బట్టలు ఏ రంగులో ఉంటాయో ఉతికినవాళ్లనడగాలి. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన జాతరలోనూ అంతే.

కానీ బ్లాక్ రాక్ దుమ్ము వేరు. వేల ఏళ్ల కిందట అక్కడ లహోంటాన్ అనే పెద్ద సరస్సు ఉండేది. అది ఎండిపోగా మిగిలిన అడుగే ఈ ఎడారి. ఇసుక తిన్నెలుండవు. బల్లపరుపుగా, పగుళ్లు తేలిన తెల్లటి నేల. ఆ దుమ్ము టాల్కం పౌడరులా మెత్తన, గుణంలో క్షారం. దాదాపు సున్నంతో సావాసం చేసినట్టే. చెప్పుల్లేకుండా తిరిగితే పాదాలు పగిలి మండుతాయి. కాళ్లను పలచటి వెనిగర్ నీళ్లతో కడుక్కోమంటారు అనుభవజ్ఞులు. చర్మాన్నే అలా చేసేది ఇనుమునీ అల్యూమినియాన్నీ ఊరుకుంటుందా? కాస్త తేమ తగిలిందంటే చైను తుప్పెక్కుతుంది. మనకు కడిగితే పోయే మట్టి, అక్కడ కడగకపోతే తినేసే మట్టి. తేడా అంతా ఇక్కడే ఉంది. సైకిలు ఎంపికకీ, దాని బాగోగులకీ మూలం ఇదే.

తాతగారి సైకిలుకు పరీక్ష

మన పాత పెద్ద సైకిలుని తీసుకెళ్లి అక్కడ నిలబెట్టామనుకోండి. ఎన్ని మార్కులొస్తాయి?

గేర్లుండవు కాబట్టి సగం మార్కులు అక్కడే వచ్చేస్తాయి. ఎడారి బల్లపరుపు కదా, ఎక్కాల్సిన గుట్టలేవీ లేవు. ఏడు చక్రాల గేరుసెట్టు, దాన్ని అటూ ఇటూ లాగే సన్నటి కేబుళ్లు, చిన్న చిన్న కప్పీలు... మెత్తటి దుమ్ముకి ఇవన్నీ విందుభోజనం. రెండోరోజుకే గేరు మారనంటుంది. ఒకే గేరున్న సైకిలుకి ఆ బెడద లేదు. ఇక చైను మొత్తాన్నీ మూసేసే రేకు డబ్బా! పంచె అంచు నలగకుండా, చీర కుచ్చిళ్లు పడకుండా పెట్టిన ఏర్పాటు ఎడారిలో చైనుకి కవచం. బ్రేకులకు కేబుళ్ల బదులు ఇనప రాడ్లు. వెనక్కి లాగి నిలబెట్టే రెండు కాళ్ల స్టాండుకి ఇంకో రెండు మార్కులు వేయాలి. ఎడారిలో ఆనించడానికి గోడ ఉండదు, చెట్టుండదు. నీళ్ల క్యాను పెట్టుకోను క్యారియరు, కుదుపులకు స్ప్రింగుల సీటు. బరువంటారా, ఎత్తు ఎక్కేది లేనప్పుడు బరువుతో పనేముంది?

ఒక్కచోట మాత్రం తాతగారి సైకిలు ఫెయిల్. టైరు. మన పాత సైకిళ్ల టైరు 28 బై ఒకటిన్నర, అంటే దాదాపు 40 మిల్లీమీటర్ల వెడల్పు. నేల గట్టిగా ఉన్నంతసేపు బాగానే పోతుంది. గాలికి దుమ్ము కుప్పపడినచోట చక్రం దిగబడి హ్యాండిల్ అడ్డం తిరుగుతుంది. అందుకే అక్కడికెళ్లేవాళ్లు 26 అంగుళాల చక్రం, రెండంగుళాలకు తగ్గని టైరు ఉన్నవి ఎంచుకుంటారు. అమెరికాలో సముద్రతీరాల్లో తొక్కే 'బీచ్ క్రూయిజర్'లు సరిగ్గా ఇలాంటివే. ఒకే గేరు, నిటారుగా కూర్చునే హ్యాండిలు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు. ఈ బ్రేకు హబ్ లోపలే ఉంటుంది కాబట్టి దుమ్ముకి ఎక్కువగా అందదు. టైర్లో గాలి మరీ రాయిలా కొట్టకుండా కాస్త తక్కువగా ఉంచితే దిగబడదు.

మడ్‌గార్డుల విషయంలో మాత్రం తొందరపడకూడదు. పొడిదుమ్ములో అవి వీపుని కాపాడతాయి. కానీ వానొస్తే? 2023 సెప్టెంబరు 1న అదే జరిగింది. ఎడారిలో వాన దంచికొట్టి నేలంతా జిగురుమట్టి అయింది. వాహనాల రాకపోకలు ఆపేశారు. డెబ్భై వేలకు పైగా జనం ఎక్కడివాళ్లక్కడ చిక్కుపడ్డారు. బూట్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని నడిచారు. ఆ మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చేరితే చక్రం అంగుళం కదలదు. సైకిలుని మోసుకెళ్లాల్సిందే. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య రెండువేళ్లు దూరనప్పుడు ఆ మడ్‌గార్డు లేకపోవడమే నయం.

మనిషి ఎత్తుకు తగ్గ సైకిలు తీసుకోవడం, సీటు మీద కూర్చుంటే కాలి మునివేళ్లు నేలకానడం వంటివి ఎక్కడైనా ఒకటే. కొనేది సెకండ్ హ్యాండ్ అయితే చక్రాన్ని పైకెత్తి తిప్పి చూడాలి. వంకరగా ఊగినా, గరగరమన్నా బేరం అక్కడితో ఆపెయ్యాలి. జాతర రోజులొస్తే దగ్గరి పట్టణం రీనోలో సైకిళ్లకు గిరాకీ ఎక్కువ. చివరిరోజుదాకా ఆగితే మిగిలింది కొనాలి.

నూనె వెయ్యొద్దు!

ఇక్కడ మన అలవాటు ఎదురుతిరుగుతుంది. చైను కిర్రుమంటే చాలు, మెకానిక్ దగ్గర వాడేసిన ఇంజను ఆయిలు నాలుగు చుక్కలు పోయించుకోవడం మనకు తెలిసిన వైద్యం. ఎడారిలో అదే విషం. తడినూనెకి దుమ్ము అంటుకుని నల్లటి ముద్దవుతుంది. ఆకురాయి పెట్టి రుద్దినట్టు చైను లింకుల్నీ, ఫ్రీవీలు పళ్లనీ అరగదీస్తుంది. అందుకే వేశాక ఆరిపోయే మైనంలాంటి పొడి లూబ్రికెంట్ వాడతారు. వేసేముందు పాతనూనె మొత్తం వదిలించాలి. అదయ్యాక రోజూ పొద్దున్నే పొడిబ్రష్షుతో చైనునీ పళ్లనీ దులపడం... అంతే. నీళ్లు పోయకూడదు, తడిబట్టతో తుడవకూడదు.

హబ్బుల్లోనూ, పెడళ్ల మధ్య యాక్సిల్లోనూ కథ వేరు. అక్కడ గ్రీజు దండిగా ఉండాలి. నిండా ఉన్న గ్రీజు దుమ్ముని లోపలికి రానివ్వదు. బయల్దేరేముందే ఓవరాయిలింగ్ చేయించాలని పాత మెకానిక్కులు చెప్పేది ఇందుకే. బాల్స్ తీసి, కిరసనాయిల్లో కడిగి, కొత్త గ్రీజు పెట్టి, కోన్లు మరీ బిగించకుండా సర్ది... గంటల పని. సికింద్రాబాద్‌లో ఒకప్పుడు సైకిలున్న ప్రతి ఇల్లూ ఏడాదికోసారి చేయించిన పనే ఇది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకి సైకిళ్ల మీద డ్యూటీకెళ్లిన తరానికి వేరే చెప్పక్కర్లేదు.

పంచర్ల సంగతీ చూసుకోవాలి. ఎడారిలో మొక్కే లేదు, ముల్లెక్కడిదని నిశ్చింతగా ఉండకూడదు. గుడారాలకు కొట్టిన మేకులు, చెక్కబొమ్మలు కట్టినచోట రాలిన స్క్రూలు ఉంటాయి. దారిలో నెవాడా ఊళ్లలో ఓ ముల్లు ఉంటుంది. అక్కడివాళ్లు 'గోట్‌హెడ్' అంటారు, మేకతల అని. బొమ్మ చూస్తే మనకు ఇట్టే తెలిసిపోతుంది. మన పల్లేరుకాయే! పొలంగట్ల మీద మన చెప్పుల్లో దిగే ఆ కాయే ఖండాంతరం దాటెళ్లి అక్కడి ట్యూబుల్లో దిగుతోంది. రెండు స్పేరు ట్యూబులు, ప్యాచులు, సొల్యూషను, టైరు లేపే పుల్లలు, స్పానరు, పంపు దగ్గరుండాలి. పంపు కొనేముందు వాల్వు చూసుకోవాలి. మన పాత సైకిళ్ల వాల్‌ట్యూబు రకం అక్కడ దొరకడం కష్టం. అక్కడ కార్ల టైర్లకుండే లావుపాటి రకమే ఎక్కువ.

రాత్రి దీపం లేకపోతే ఒకప్పుడు మన ఊళ్లో పోలీసు ఆపి చక్రంలో గాలి తీసేవాడు. ఎడారిలో గాలి తీసేవాళ్లుండరు గానీ, చీకట్లో ఇంకో సైకిలొచ్చి గుద్దుతుంది. పాత డైనమో పనికిరాదు. సైకిలు ఆగితే దీపమూ ఆరిపోతుంది కదా. ముందొకటి, వెనకొకటి బ్యాటరీ దీపాలు, చక్రాల చువ్వలకు రంగురంగుల బల్బుల తీగ ఉంటే పక్కనుంచి వచ్చేవాళ్లకూ కనబడుతుంది. వేల సైకిళ్ల మధ్య మనది గుర్తుపట్టడానికీ అదే ఆధారం. తాళం అంకెలు తిప్పేదైతే మంచిది. దుమ్ములో పడ్డ తాళంచెవి దొరకదు. తాళం వేయని సైకిళ్లూ కొన్ని అక్కడ తిరుగుతుంటాయి, ఎవరైనా ఎక్కి దిగినచోట వదిలేయొచ్చు. వాటిని 'ఎల్లో బైక్' అంటారు గానీ వేసేది ఆకుపచ్చ రంగు. తెలుగువాడికి పేచీ లేదు, రెండూ పచ్చే!

వదిలేసిన సైకిళ్లు

జాతర అయ్యాక అసలు ప్రశ్న మొదలవుతుంది. 'వెంట తెచ్చింది వెంట తీసుకెళ్లాలి, ఎడారిలో చిన్న కాగితం ముక్క కూడా మిగలకూడదు' అన్నది అక్కడి కట్టుబాటు. అయినా ఏటా పెద్దసంఖ్యలో, కొన్నేళ్లు వేలల్లో, సైకిళ్లు అక్కడే పడి ఉంటాయి. వారం కోసం చవగ్గా కొన్నది, దుమ్ము కొట్టుకుపోయింది, కారు మీద చోటు లేదు... ఎవరు మోస్తారు? స్వచ్ఛంద సంస్థలు కొన్నింటిని ఏరి బాగుచేసి లేనివాళ్లకు ఇస్తుంటాయి. మిగిలినవి తుక్కే.

మన ఇళ్లలో సైకిలుకి ఉన్న స్థానం తెలిసినవాళ్లకు ఇది వినడానికే కష్టంగా ఉంటుంది. తండ్రి ఆఫీసుకి తొక్కి, తర్వాత పెద్దకొడుకు కాలేజీకి తొక్కి, ఆపైన పాలవాడికో కూరగాయలవాడికో అమ్మితే అతని చేతుల్లో మరో పదేళ్లు తిరిగిన సైకిళ్లు మోండా మార్కెట్ చుట్టుపక్కల ఎన్ని లేవు? అలాంటి లక్షల సైకిళ్లు తయారుచేసిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. విచిత్రం, ఆరోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

కాబట్టి కొడుక్కి తండ్రి చెప్పాల్సింది ఏ సైకిలు కొనాలన్నది ఒక్కటే కాదు, తిరిగొచ్చాక ఏం చేయాలన్నది కూడా. ఇంటికి చేరిన రోజే పని మొదలెట్టాలి. వారం ఆగితే తుప్పు ముందుంటుంది. మొదట పొడిబ్రష్షుతో దులపాలి. తర్వాత బకెట్టు నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి, బట్టతో ఫ్రేమూ చువ్వలూ రిమ్ములూ తుడవాలి. పులుపు తగిలితే క్షారం విరుగుతుంది. వెంటనే మామూలు నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. వెనిగర్ అలాగే వదిలేస్తే అదే ఇనుముని తింటుంది. కార్లు కడిగే ప్రెషర్ పంపు మాత్రం వాడకూడదు. బయటున్న దుమ్ముని అది నేరుగా బాల్స్‌లోకి తోస్తుంది. చైను విప్పి కడగాలి. బాగా అరిగితే మార్చేయాలి. హబ్బులూ యాక్సిలూ విప్పి కొత్త గ్రీజు పెట్టాలి. ఆఖర్న చైనుకి నూనె. ఈసారి మామూలు నూనే, ఎడారి దాటింది కదా!

వెనిగర్ వాసన రెండు రోజుల్లో పోతుంది. దుమ్ము మాత్రం సీటు కింద గొట్టంలోంచి సంక్రాంతికి కూడా రాలుతూనే ఉంటుంది.