పాత విండోస్‌ని పెద్ద డిస్కులోకి మార్చుకోవడం

ఎపిసోడ్ విన్నవాళ్లు అడిగింది ఒకటే: "అన్నా, సీ డ్రైవ్ మొత్తం కాపీ చేసి కొత్త డిస్కులో పేస్ట్ చేస్తే సరిపోదా?" సరిపోదు. కంప్యూటర్ ఆన్ అవ్వడానికి కావలసిన ఫైళ్లు మనకి కనబడని ఇంకో చిన్న పార్టిషన్‌లో ఉంటాయి. అందుకే డిస్కు మొత్తాన్ని క్లోన్ చెయ్యాలి. క్లోనెజిల్లా ఉచితమే. బిట్‌లాకర్ ఉంటే ముందే ఆఫ్ చేసుకోండి.

నేను 256 జీబీ తీసి 1 టీబీ వేశాను. కొత్తదాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి తగిలించా. భయమంతా ఒక్కచోటే: సోర్స్ ఏది, టార్గెట్ ఏది? తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మన డిస్కు మీదికి కాపీ అయిపోతుంది. నా దాంట్లో మా నాన్న చివరి వీడియోలున్నాయి. వాటిని ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, డిస్కుల సైజు మూడుసార్లు చూసుకున్నాకే ఎంటర్ కొట్టా.

పాత డిస్కు విప్పేసి, కొత్తది బిగించి ఆన్ చేశా. విండోస్ వచ్చింది గానీ సీ డ్రైవ్ పాత సైజే! కంగారు పడకండి. మిగతా చోటు అన్‌అలొకేటెడ్‌గా పడి ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కాలి. అది నొక్కుకోకపోతే రికవరీ పార్టిషన్ మధ్యలో గోడలా అడ్డం ఉన్నట్టు. జీపార్టెడ్‌తో దాన్ని చివరికి జరిపితే చాలు.

పాత డిస్కుని మాత్రం ఇంకా చెరపలేదు, కవర్లో చుట్టి పెట్టెలో పెట్టా.