జారే బండి బొమ్మ వెలిగితే

వానల్లో పత్తి చేల డొంకల వెంట తిరిగిన కార్లు మా షెడ్డు ముందుకొచ్చేది మిరప కోతలప్పుడే. మార్కెట్ యార్డుకి నాలుగు మిరప టిక్కీలు పోయి చేతిలో డబ్బు ఆడితేగానీ మీటర్లో వెలిగే లైటు సంగతి ఎవరూ పట్టించుకోరు. చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన మాది ఆటో ఎలక్ట్రికల్ పని. కారు బొమ్మ, దాని కింద రెండు వంకర గీతలు ఉన్న పసుప్పచ్చ లైటు చూపించి చాలామంది అనే మాట ఒకటే: "అబ్బాయ్, ఆ బల్బు పీకెయ్, కళ్ళలో పొడుస్తా ఉంది."

నేను పీకను, కానీ పీకేవాళ్ళున్నారు. అందుకే పాత బండి కొనేటప్పుడు కీ తిప్పి చూడండి. లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరాలి. ఈ బొమ్మ అసలు వెలగకపోతే బేరం అక్కడే ఆపి, ఎందుకో అడగండి.

ఆ బొమ్మ ట్రాక్షన్ కంట్రోల్‌ది, అది చేసే పని చెబుతాను. వానకి నానిన నల్లరేగడిలోకి ముందు ఎడమ చక్రం దిగింది, కుడిది తారు మీదే ఉంది. ఎక్సలేటర్ తొక్కితే పట్టు లేని చక్రమే గిర్రున తిరుగుతుంది, పట్టున్నది కదలదు. డిఫరెన్షియల్ స్వభావమే అంత. ట్రాక్షన్ కంట్రోల్ ఆ తిరిగే చక్రానికి తనే బ్రేకు వేస్తుంది, ఇంజను జోరు తగ్గిస్తుంది. అప్పుడు బలం రెండో చక్రానికి పోతుంది. ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో దానికి చెప్పేవి ఏబీఎస్ బ్రేకుల కోసం నాలుగు చక్రాల దగ్గరా పెట్టిన సెన్సర్లే. అందుకే ఒక సెన్సర్ తప్పితే ఏబీఎస్ లైటూ ఈ లైటూ జంటగా వెలుగుతాయి.

బాష్ కంపెనీ ఏబీఎస్ 1978లోనే మెర్సిడెస్‌లోకి వచ్చింది, బండి పక్కకి జారకుండా కాసే ఈఎస్‌పీ 1995లో. మన దగ్గరికి మాత్రం నెమ్మదిగా వచ్చాయి. 2011లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 500 పై రకంలో ఈఎస్‌పీ ఉండేది. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. అంటే మన ఊళ్ళలో ఈ లైట్లున్న బండ్లు పాతబడటం ఇప్పుడిప్పుడే మొదలైంది. వాటిని బాగుచేసే మాలో చాలామందిమి అంబాసిడర్ల మీదా ట్రాక్టర్ల మీదా పని నేర్చినవాళ్ళం.

జారినప్పుడు లైటు టపటపా కొట్టుకుని ఆరిపోతే జబ్బేం లేదు, అది పని చేస్తోందన్నమాట. 'ఆఫ్' అన్న అక్షరాలతో వెలిగితే ఎవరో స్విచ్చి నొక్కారు. బురదలో కూరుకున్నప్పుడు ఇంజను జోరు తగ్గిపోతే బండి బయటికి రాదు కాబట్టి ఆ స్విచ్చి ఇచ్చారు. పిల్లలు నొక్కిన స్విచ్చికి స్కానర్ పెట్టి డబ్బు పుచ్చుకునే షెడ్లూ లేకపోలేదు. వదలకుండా వెలుగుతుంటేనే వెతకాలి. బ్రేకులు మామూలుగా పడతాయి, నిదానంగా ఇంటికి పోవచ్చు. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం బండి ఆపేయండి.

ఫోనుకి కలిపే చవక స్కానర్లు చాలావరకు ఇంజను కోడ్లే చదువుతాయి. బ్రేకుల కోడ్లు 'సి' అక్షరంతో మొదలవుతాయి, వాటిని చదివే స్కానర్ వేరు. సి0035 వచ్చిందంటే ఎడమ ముందు చక్రం సెన్సర్ సర్క్యూట్లో తేడా ఉందని. సెన్సరే పోయిందని కాదు. జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కోడ్ చూసి సెన్సర్ కొంటారు, లైటు మళ్ళీ వెలుగుతుంది.

నేను ముందు చక్రం విప్పుతాను. నల్లమట్టి సెన్సర్ చుట్టూ ఎండి గట్టిపడి ఉంటుంది, వైరుని లాగేసి ఉంటుంది. పాత రకం సెన్సర్ కొనకి అయస్కాంతం ఉంటుంది గనక బ్రేకు డిస్కు అరిగిన ఇనుప రజను దానికి అంటుకుంటుంది. చాలా బండ్లు అవి తుడిచేస్తేనే బాగవుతాయి. తర్వాత ఎలుక. గింజ నిలవ చేసిన కొట్టం పక్కన కారు నిలిపితే వైరు కొరకడం ఖాయం. ఒంగోలు వైపు వాళ్ళు బానెట్‌లో పొగాకు కాడలు పెడతారు, ఎలుకలు వాటిని ఎంత ఖాతరు చేస్తాయో నాకు అనుమానమే.

పాత రకం అయస్కాంతపు సెన్సర్ అయితే మల్టీమీటరు చాలు. ఎక్కువ బండ్లలో వెయ్యికీ రెండు వేలకీ మధ్య ఓమ్‌లు చూపిస్తుంది, చక్రం చేత్తో తిప్పితే ఏసీ వోల్టు కొంచెం లేస్తుంది. కొత్త రకానికి ఓమ్‌ల పరీక్ష పనికిరాదు. దానికి స్కానర్ చూపే లైవ్ డేటాయే దారి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద తిన్నగా ఇరవై, ముప్పై వేగంలో పోతూ నాలుగు చక్రాల అంకెలూ చూడమంటాను. మూడు కలిసి నడుస్తుంటే నాలుగోది సున్నాకి పడిపోతుంది. ఒక్క చక్రం అంకె ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటే ఆ టైరు సైజు చూడండి, అరుగుదల చూడండి.

"బాబాయ్, ఈమధ్య బేరింగు మార్పించారా?" అన్నది నేను తప్పకుండా అడిగే ప్రశ్న. ఇప్పటి చాలా బండ్లలో సెన్సర్ చదివే అయస్కాంతపు పట్టీ బేరింగు సీలులోనే ఒక పక్కన ఉంటుంది. బేరింగు తిరగేసి కొడితే చక్రం సాఫీగానే తిరుగుతుంది, సెన్సర్‌కి మాత్రం ఏమీ అందదు. చీరాల వాడరేవు వైపు బండ్లది వేరే కథ. ఉప్పుగాలికి డ్రైవ్ షాఫ్ట్ మీది పళ్ళ రింగు కింద తుప్పు ఉబ్బి రింగు పగులుతుంది. బండి ఆగబోయే ముందు, నెమ్మది మీదే, పెడలు కాలికింద గరగరమంటుంది.

ఇంజను లైటు కూడా వెలుగుతుంటే ఆ కోడ్ ముందు తీయాలి. ఇంజను జోరు తగ్గించమని అడిగే వ్యవస్థ కాబట్టి, ఇంజనులో తేడా ఉంటే చాలా బండ్లలో ట్రాక్షన్ తనంతట తనే పక్కకి తప్పుకుంటుంది. బ్రేకు పెడలు స్విచ్చి కూడా ఇలాగే ఏడిపిస్తుంది. వెనక ఒకరిని నిలబెట్టి స్టాప్ లైట్లు చూడమంటే సగం తేలిపోతుంది. బ్యాటరీ తీసి పెట్టాక లైటు వస్తే స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి కొంచెం దూరం నడపండి, కొన్ని బండ్లలో దానంతటదే ఆరిపోతుంది.

ఎవరైనా ఏబీఎస్ మాడ్యూల్ మార్చాలని అంటే, అది వేలల్లో ఉండే సామాను. ముందు బ్యాటరీ వోల్టు, ఫ్యూజు, ఎర్తు, కనెక్టర్లో పచ్చ తుప్పు మీ కళ్ళముందు చూపించమనండి.