108కు ఫోన్ చేసినప్పుడు జ్వరం సంగతి దాచకండి



2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలోని స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు లేచాయి. అప్పుడు ఆ హోటల్‌ను కోవిడ్ రోగుల కేంద్రంగా వాడుతున్నారు. పదిమంది చనిపోయారు. మిగిలినవారిని బయటికి తెచ్చిన ఫైర్ సిబ్బందికి ఒకేసారి రెండు ప్రమాదాలు ఎదురయ్యాయి: పొగ, అంటురోగం. ఈ రెండింటికీ ఒకే రక్షణ పనికిరాదు. మేము ఆసుపత్రిలో వేసుకున్న పీపీఈ కిట్టు ప్లాస్టిక్ జాతి గుడ్డ, మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఎన్-95 మాస్కు తుంపరలను ఆపుతుంది గాని పొగలోని విషవాయువును ఆపదు. మంటలోకి వెళ్లేవారికి మందపాటి ఫైర్ సూటు, వీపున గాలి సిలిండరు ఉండాలి. బయట రోగిని అందుకొనేవారికి మాస్కు, గ్లౌజులు కావాలి.

108 వారి కష్టం వేరు. ఈ సర్వీసు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. కోవిడ్ రోజుల్లో బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రిని కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. మడకశిర వైపు నుండి అక్కడికి రోగిని తేవాలంటే దాదాపు రెండు గంటలు బండిలో అతని పక్కనే కూర్చోవాలి. మన ఎండల్లో ఆ కిట్టు లోపల మనిషి చెమటతో తడిసిపోతాడు, దాహమైనా మాస్కు తీయకూడదు. అయితే కిట్టు వేసుకోవడం కన్నా విప్పడమే అపాయం. అలసిన చెయ్యి తెలియకుండానే ముఖం మీదికి పోతుంది. కొత్త నర్సులకు నేర్పేటప్పుడు నేను ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను. ముందు గ్లౌజులు తీసి చేతులు శుభ్రం చేసుకోవాలి, తర్వాత గౌనును లోపలి వైపు నుండి చుట్టి తీయాలి, మాస్కు చివరన, మళ్లీ సబ్బు.

ఇంక ఇంటివారి సంగతి. వీధిలోవాళ్లు ఏమనుకుంటారో అని, బండి రాదేమో అని, జ్వరం, దగ్గు దాచి "కడుపునొప్పి" అని ఫోన్ చేసినవారు ఉన్నారు. ఉన్నది చెప్పినందుకు బండి ఆగదు, వచ్చేవారు మాస్కు పెట్టుకొని వస్తారు, అంతే. మంచి సమరయుని కథలో కొరప్రాణముతో పడి ఉన్నవాడు ఏమీ చెప్పగల స్థితిలో లేడు. మన ఇంట్లో చెప్పగలవారు ఉన్నారు కదా!

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. టీబీ మాత్రం మన మధ్యనే ఉంది. రోగి టీబీ మందులు వాడుతుంటే అదీ ఫోన్లోనే చెప్పండి. దగ్గుతున్న రోగికి, ఊపిరి ఆడుతుంటే, మాస్కు కట్టండి. తోడు ఒక్కరే ఎక్కండి. బండి కిటికీలు తెరిచి ఉంటే మూయమని పట్టుబట్టకండి, గాలి ఆడాలనే తెరుస్తారు.

ఎండాకాలంలో వేరుశనగ కట్టె వామి అంటుకుంటే ఫైరింజను చుట్టూ ఊరంతా మూగుతుంది. అంటురోగాల కాలంలో ఆ గుంపు మధ్యనే సిబ్బంది గంటల తరబడి పనిచేయాలి. దారి చూపడానికి, నీళ్లున్న బోరు చూపడానికి ఇద్దరు చాలు. ఫైర్‌కు 101, అంబులెన్సుకు 108.