నాన్నకు డయాలసిస్.. చేతిలో ఆఫర్ లెటర్! ఇంట్లో పెద్ద జబ్బు వస్తే పిల్లల కెరీర్ ఎందుకు మారిపోతుంది?

ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ బెంగళూరులో. సరిగ్గా అప్పుడే నాన్నకు కిడ్నీలు పాడయ్యాయని తేలితే? వెళ్లాలా.. ఉండిపోవాలా? ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లల్లో ఇది ఊహ కాదు, రోజూ నలిగే ప్రశ్న.

విజయనగరం జిల్లా రాజాం చదువుల ఊరు. 1997లో జీఎంఆర్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చాక చుట్టుపక్కల పల్లెల పిల్లలకు ఐటీ ఉద్యోగం కళ్లెదుటి కలైంది. 2022 వరకు ఈ ఊరు ఉన్న శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు.. కొబ్బరి, జీడి తోటల ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా కుటుంబాలను కుదిపేస్తోంది. అసలు కారణం ఏంటన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

లెక్క ఎక్కడ మారుతుంది?

మొదట మారేది టైమ్. డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. తోడు ఒకరు వెళ్లాలి. ప్రయాణం కూడా కలిపితే ఆ రోజు పోయినట్టే. కూలికెళ్లే ఇంట్లో రోగి సంపాదనతో పాటు తోడు వెళ్లేవాళ్ల సంపాదనా ఆగిపోతుంది.

రెండోది దూరం. పెద్ద వైద్యం కావాలంటే రాజాం వాళ్లు శ్రీకాకుళమో, విశాఖ కేజీహెచ్‌కో పరుగెత్తాలి. విశాఖ వంద కిలోమీటర్లకు పైమాటే. అందుకే నిన్నటి దాకా 'ప్యాకేజీ ఎంత?' అని అడిగిన కుర్రాడు ఇప్పుడు 'విశాఖలో పోస్టింగ్ ఇస్తారా? ఇంట్లోవాళ్లకు ఇన్సూరెన్స్ ఉందా?' అని అడుగుతాడు. అది ఆశ తగ్గిపోవడం కాదు. ఏది ముఖ్యమో తెలిసిరావడం.

ఆస్పత్రి వరండాలో పుట్టే లక్ష్యం

కొందరికి జబ్బే దారి చూపిస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు సోదరుడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికా వెళ్లిన సుబ్బారావు అక్కడ పరిశోధనలో స్థిరపడ్డారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు అదే మందైంది.

హైదరాబాద్‌లో 2000లో మొదలైన బసవతారకం ఆస్పత్రి కథా ఇలాంటిదే. క్యాన్సర్‌తో కన్నుమూసిన ఎన్టీఆర్ భార్య పేరు దానిది. ఆమె కొడుకు బాలకృష్ణే ఇప్పుడు ఛైర్మన్.

అలాగని అందరూ డాక్టర్లే కానక్కర్లేదు. ఇంటర్ తర్వాత రెండేళ్ల డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమా ఉంది. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ఉంది. అయితే ఒక్క మాట. నాన్న మీద ప్రేమ వేరు, ఆ పని మీద ఇష్టం వేరు. రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లు బాధలో ఈ దారి పడితే తర్వాత ఇబ్బందే.

తొందరపడితే ఏం పోతుంది?

జబ్బు బయటపడిన మొదటి వారాల్లో భయం, అపరాధ భావం రెండూ ఎక్కువే. 'చదువు మానేసి పనికెళ్తా' అనే మాట అప్పుడే వస్తుంది. ముఖ్యంగా ఆడపిల్ల చదువు ముందు ఆగుతుంది. అమ్మ మంచాన పడితే వంట, సేవ ఆమె మీదే పడతాయి. అన్నదమ్ములు కూడా వంతులు వేసుకుంటే ఆ చదువు నిలబడుతుంది.

నిర్ణయానికి ముందు ఇవి తెలుసుకోవాలి:

* డయాలసిస్ రోగులకు ఏపీలో నెలకు రూ.10,000 పింఛను ఉంది. చికిత్సకు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.
* పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో ప్రారంభమైంది.
* ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ కూడా ఉంది. అందరికీ సరిపడదు. డాక్టర్‌ని అడిగితే కొందరికి ప్రయాణాలు తప్పుతాయి.
* కిడ్నీ ఇస్తానని పిల్లలు ముందుకొస్తే 18 ఏళ్లు నిండాలి. పరీక్షలు కుదరాలి. చట్టం ప్రకారం అది పూర్తిగా వాళ్ల ఇష్టం, ఒత్తిడి చేయకూడదు.
* మనసు బరువెక్కితే టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం.

అమ్మానాన్నను అడిగారా?

చాలా ఇళ్లల్లో జరగనిది ఇదే. కొడుకు తన కోసం ఉద్యోగం వదులుకున్నాడని నాన్న లోపల కుమిలిపోతాడు. వదులుకోకపోతే ఏమనుకుంటాడోనని కొడుకు భయపడతాడు. ఇద్దరూ బయటికి అనరు. ఒకరోజు కూర్చుని ఖర్చెంత, తోడెవరు, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద రాసుకోండి. ఆరు నెలలకోసారి మళ్లీ చూసుకోండి. ఈరోజు 'ఉండిపోతా' అన్నంత మాత్రాన జీవితాంతం ఉండిపోవాలని లేదు. 'వెళ్తా' అన్నవాడు నాన్నను వదిలేసినట్టూ కాదు.