ఆస్ట్రేలియా పన్ను (సాఫ్టువేరు ధరలు)

ఆస్ట్రేలియా పన్ను అనేది నిజానికి పన్ను కాదు. అమెరికాలో ఒక ధరకు అమ్మే సాఫ్టువేరు, సంగీతం, ఆటలు మొదలైనవాటిని ఆస్ట్రేలియాలో అంతకంటే చాలా ఎక్కువ ధరకు అమ్మడాన్ని అక్కడి ప్రజలు ఎత్తిపొడుపుగా ఇలా పిలిచారు. ఈ అదనపు సొమ్ము ప్రభుత్వానికి చేరదు. విదేశాలలో సాఫ్టువేరు ధరలకు, పైరసీకి గల సంబంధాన్ని పరిశీలించడానికి ఇది మంచి ఉదాహరణ.

ధరలలో తేడా

డబ్బాలలో వచ్చే సాఫ్టువేరుకు రవాణా, గోదాముల ఖర్చులు కారణమని చెప్పవచ్చు. ఇంటర్నెట్ నుండి దింపుకొనే సాఫ్టువేరుకు ఆ ఖర్చులు దాదాపు లేవు. అయినా తేడా కొనసాగింది. అడోబీ వారి క్రియేటివ్ సూట్ 6 మాస్టర్ కలెక్షన్ ధర 2012లో అమెరికాలో సుమారు 2,600 డాలర్లు కాగా, ఆస్ట్రేలియాలో 4,300 డాలర్లకు పైగా ఉండేది. అప్పట్లో రెండు దేశాల డాలర్ల విలువ ఇంచుమించు సమానమే. ఆస్ట్రేలియాలోని 10 శాతం వస్తు సేవల పన్నును కలిపినా లెక్క కుదరదు. మైక్రోసాఫ్టు విజువల్ స్టూడియోలో ఒక ఖరీదైన కూర్పుకు 8,600 డాలర్లకు పైగా తేడా ఉన్నదని, ఆ సొమ్ముతో ఒక ఉద్యోగిని రెండుసార్లు అమెరికాకు విమానంలో పంపి తిరిగి రప్పించవచ్చని వినియోగదారుల సంస్థ 'చాయిస్' లెక్క చెప్పింది.

పార్లమెంటు విచారణ

ఎడ్ హ్యూసిక్ అనే సభ్యుడు ఈ విషయాన్ని పట్టుదలతో లేవనెత్తగా, 2012లో పార్లమెంటు సంఘం విచారణ ప్రారంభించింది. సంస్థలు స్వయంగా ముందుకు రాకపోవడంతో 2013 ఫిబ్రవరిలో యాపిల్, మైక్రోసాఫ్టు, అడోబీలకు సమన్లు పంపవలసి వచ్చింది. ఆ వెంటనే అడోబీ తన క్రియేటివ్ క్లౌడ్ నెల చందాను 62.99 నుండి 49.99 డాలర్లకు తగ్గించింది. డబ్బా ధరలను మాత్రం కదిలించలేదు. అదే నెలలో సిడ్నీ వచ్చిన అప్పటి అడోబీ అధిపతి, హైదరాబాదులో జన్మించిన శంతను నారాయణ్, ఈ తేడాపై విలేకరులు ఎన్నిసార్లు అడిగినా సూటిగా జవాబివ్వలేదు. ప్రాంతీయ తాళాలను దాటే వినియోగదారుల హక్కును చట్టంలో స్పష్టం చేయాలని 2013 జులై నివేదికలో సంఘం సిఫారసు చేసింది.

పైరసీతో సంబంధం

అధిక ధరలే పైరసీకి కారణమని వినియోగదారులు, పైరసీ వల్లనే నష్టపోతున్నామని సంస్థలు వాదిస్తుంటాయి. సాఫ్టువేరు సంస్థల కూటమి బి.ఎస్.ఏ. 2011 అంచనాల ప్రకారం అనుమతి లేని సాఫ్టువేరు అమెరికాలో 19 శాతం, ఆస్ట్రేలియాలో 23 శాతం, భారతదేశంలో 63 శాతం. ఈ అంచనాలపై విమర్శలున్నా ఒక సంగతి గమనించదగినది: ధర ఒకటిన్నర రెట్లు దాటినా ఆస్ట్రేలియాలో పైరసీ కొద్దిగానే ఎక్కువ. అక్కడివారు గొణుగుతూనే చెల్లించారు, ఎందుకంటే చెల్లించగలరు.

అసలు కొలత ధర కాదు, ఆదాయంతో పోల్చిన ధర. 2003లో రిషబ్ అయ్యర్ ఘోష్ ఒక వ్యాసంలో విండోస్ ఎక్స్‌పీ, ఆఫీస్ ఎక్స్‌పీల మొత్తం ధర 560 డాలర్లను వివిధ దేశాల తలసరి ఆదాయాలతో పోల్చాడు. ఆ లెక్కన అది అమెరికాలో ఆరు రోజుల ఆదాయం కాగా, భారతదేశంలో 14 నెలలది, వియత్నాంలో 16 నెలలది.

పేద దేశాలలో ధర తగ్గిస్తే ఆ ప్రతులు ధనిక దేశాలకు మళ్ళుతాయని సంస్థల భయం. అందుకే మైక్రోసాఫ్టు 2004 నుండి కొన్ని దేశాలలో, 2005లో హిందీలో భారతదేశంలో, విండోస్ ఎక్స్‌పీ స్టార్టర్ కూర్పును తెచ్చింది. ఇందులో ఒకేసారి మూడు ప్రోగ్రాములు మాత్రమే నడిచేవి. ఏ పరిమితీ లేని పూర్తి విండోస్ నకలు ఒక సీడీ ఖరీదుకే బజారులో దొరికే రోజులవి.