గూట్లో గుడ్డు పోతే పాము పనేనా?

పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో ఏనుగుల గురించి మాట్లాడినంతగా పాముల గురించి మాట్లాడరు. కౌండిన్య అడవి నుంచి గుంపు దిగితే ఊరంతా లేచి కూర్చుంటుంది. కోళ్ల గూట్లో పాము దూరితే మాత్రం ఆ ఇంటి ఇల్లాలికొక్కతికే తెలుస్తుంది, అదీ తెల్లారి పిల్లల్ని లెక్కబెట్టుకున్నాక. ఆ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. అందుకే కాబోలు, చెప్పేవాళ్లు లేక నోటిమాట చిట్కాలే రాజ్యం చేస్తున్నాయి. వాటిలో కొన్ని ఉత్తవి, కొన్ని ప్రాణం తీసేవి.

అపోహ: పిల్ల గానీ గుడ్డు గానీ మాయమైతే పాము పనే.

ఆనవాళ్లు చూడకుండా పామును తిట్టుకోవద్దు. పాముకు నమలడం తెలియదు, మింగడమే. అది తింటే పెంకు ముక్క, ఈక, నెత్తురు చుక్క ఏవీ మిగలవు. మెడ కొరికి, నెత్తురు కారి ఉంటే ముంగిసనో బావురుపిల్లినో అనుమానించాలి. పట్టపగలు పిల్ల పోతే గద్ద, కాకి. పెంకు పగిలి సొన కారి ఉంటే పందికొక్కు కావచ్చు, గుడ్లు తాగడం మరిగిన మీ కోడే కావచ్చు. పొదిగే పెట్ట ఒంటిమీద గాయమే కనబడకుండా చచ్చి పడుంటే అప్పుడు నాగుపాము గుర్తుకు రావాలి. పెట్ట పొడవబోతే కాటేస్తుంది, అంత కోడిని మింగలేక వదిలేసి పోతుంది. అదే రెండు మూడు రోజుల్లో వరసగా నాలుగు కోళ్లు చస్తే మాత్రం పామును వదిలేసి పశువుల డాక్టరు దగ్గరికి నడవండి. అది కొక్కెర తెగులు అయ్యుండొచ్చు.

అపోహ: తల్లికోడి ఉంటే పిల్లలకు భయం లేదు.

పగటిపూట ఇందులో నిజం ఉంది. పిల్లల తల్లి గద్ద మీదికే ఎగురుతుంది. కానీ పొద్దు గూకితే కోడికి చూపు ఆనదు, ఉన్నచోటే ముడుచుకుంటుంది. చాలా పాములు తిరిగేది ఆ వేళే. గంప మూసి పైన రాయి పెట్టినా కుక్కకు అడ్డమే తప్ప పాముకు కాదు, అల్లిక సందు దానికి చాలు. ఇక హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాల పిల్లలు హేచరీ నుంచి వస్తాయి కాబట్టి వాటికి తల్లే ఉండదు. బల్బు వెచ్చదనమే తల్లి. గిన్నికోళ్లను పెంచితే పాము రాదన్న మాటా ఇలాంటిదే. అవి గట్టిగా అరిచి మనల్ని లేపుతాయి, అంతవరకే.

అపోహ: వెల్లుల్లి, ఇంగువ, ఫినాయిల్, గంధకం చల్లితే పాము దరిదాపుల్లోకి రాదు.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పాము నాలుకతో గాలిలోని వాసన పట్టి వేటను వెతుక్కుంటుందన్నది నిజం. ఇవి చల్లితే వెనక్కి తిరుగుతుందన్నది మాత్రం రుజువు కాలేదు. అమెరికాలో గంధకం, నాఫ్తలీన్ కలిపి అమ్మే పొడిని పరీక్షిస్తే పాములు దాని మీదుగానే పాకిపోయాయి. పైగా నాఫ్తలీన్ ఉండలు కోడిపిల్లలు ముక్కున పెట్టుకుంటే విషమే. పెరట్లో ఈశ్వరి మొక్క నాటడం వల్ల పోయేదేం లేదు గానీ, దాని మీద భరోసా పెట్టుకుని గూడు తలుపు వదిలేయకండి.

పాము మన ఇంటికి వచ్చే దారి ఎలుక వేసింది. కోళ్లకు చల్లిన నూకలు, రాగులు రాత్రికి మిగిలితే ఎలుకలు చేరతాయి, వాటి వెనక పాము. సాయంత్రం మేత ఊడ్చేయడం, తవుడు మూతున్న డబ్బాలో పెట్టడం ఏ పొడికన్నా మేలైన మందు. వామి, కట్టెల మోపు, పాత రాళ్ల కుప్ప గూటికి ఆనుకుని ఉండకూడదు. గూడు నేల మీద కాకుండా ఎత్తున ఉంటే మంచిదే, అయితే జెర్రిపోతు చెట్టే ఎక్కుతుంది, దానికి గుంజ ఒక లెక్కా? అసలు కాపాడేది జాలి. అంగళ్లలో దొరికే అంగుళం కన్నుల కోళ్ల జాలి కోడి బయటికి పోకుండా ఆపుతుంది, పాము లోపలికి రాకుండా ఆపదు. పావు అంగుళం కన్నుల ఇనుప జాలి కావాలి. దాన్ని నేలలోకి జానెడు లోతు పాతాలి. తలుపు కింద సందు చిటికెన వేలికన్నా తక్కువ ఉండాలి. నైలాన్ వల చుట్టడం వద్దు. పాము అందులో చిక్కుకుని పెనుగులాడుతుంటే విడిపించబోయిన మనిషికే కాటు పడుతుంది.

అపోహ: జెర్రిపోతు నాగుపాముకు మొగుడు, తోకతో కొడితే ఒళ్లు కుళ్లుతుంది, ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుంది.

మూడూ అబద్ధాలే. రెండూ వేర్వేరు జాతులు, జెర్రిపోతులోనే ఆడామగా ఉంటాయి. దాని తోకలో ఏమీ లేదు, నోట్లో విషమూ లేదు. పొదుగు చీకడానికి పాముకు ఉన్నవి పెదవులు కావు, నోటి నిండా లోపలికి వంగిన సూది పళ్లు. ఏ ఆవు ఊరుకుంటుంది? అప్పుడప్పుడూ ఒక కోడిపిల్లను తిన్నా, అది ఎక్కువగా తినేది మీ రాగులు తినే ఎలుకల్నే.

అపోహ: పాము కరిచినచోట కోడిపిల్ల ముడ్డి అదిమితే విషం లాగేస్తుంది.

ఒక్కో పిల్లను అదుముతూ, చచ్చిందల్లా విషం లాగి చచ్చిందని నమ్మడం పల్లెల్లో ఇంకా ఉంది. ఆ పిల్లలు చచ్చేది నలిగి, ఊపిరాడక. కాటుతో ఒంట్లోకి దిగిన విషం కండలోకి, నెత్తురులోకి చేరిపోతుంది, పైనుంచి ఏదీ లాగలేదు. మరి కొందరు బతికారే అంటారా? కరిచింది విషం లేని పామై ఉంటుంది, లేదా విషం దించని కాటై ఉంటుంది. పేరు మాత్రం కోడిపిల్లకు, మంత్రగాడికి.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకు ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం అందులో ఎక్కువ భారం మోస్తున్నవాటిలో ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ కలిపి ఒకే మందు ఉంది. దానికి కావలసిన విషాన్ని చెన్నై దగ్గర వడనెమ్మేలిలో, పాములు పట్టే ఇరుళ తెగవారి సహకార సంఘం సేకరిస్తోంది. ఆ సంఘం 1978లో ఏర్పడింది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి నెత్తురు నుంచి మందు తీస్తారు. కాటు పడితే కట్టు బిగించకుండా, కోయకుండా, ఆ కాలూ చెయ్యీ కదపనీయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

గూట్లో పాము కనబడితే కర్ర తీయకండి, ఫారెస్టు వాళ్లకు చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని చంపడం నేరం, పైగా చంపబోతే కాటు పడే ప్రమాదం ఉంది. చీకట్లో గుడ్లు తీయాల్సి వస్తే మాత్రం ముందు టార్చి వేసి చూడండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.